గుడి కింద ఇసుక

నాతో చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. 1982లో ఎనిమిదో తరగతిలో మనం వేయి స్తంభాల గుడి చేశాం. అట్ట గోడలు, చాక్‌పీసుల స్తంభాలు. (వెయ్యి కాదు, ముప్పై ఆరు.) సోషల్ సారు చుట్టూ తిరిగి చూసి, "మంచిగున్నది. మరి దీని కింద ఏమున్నదిరా?" అన్నారు. "బల్ల ఉన్నది సార్" అన్నాను. క్లాసంతా నవ్వింది, సారు నవ్వలేదు.

1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి కింద ఏమున్నదో 2006లో కల్యాణ మంటపాన్ని విప్పినప్పుడు తెలిసింది. రాళ్ల కింద ఇసుక! చుట్టూ కట్టడి ఉంటే ఇసుక ఎటూ జారదు, బరువు మోస్తుంది, నేల అదిరితే ఆ అదురును కొంత మింగుతుంది. మంటపాన్ని తిరిగి పేర్చి 2024లో తెరిచారు.

ఇసుక సంగతి నేను ఇంజనీరింగులో చదివిందే. అయినా నా మొదటి సైటులో ఇసుక నింపిన పునాది పక్కనే కందకం తవ్వనిచ్చాను. ఇసుక జారి గోడ నిలువునా పగిలింది.

నిరుడు మన బడి పిల్లలతో నేల మీద ఇసుక పోయించి, ఇటుక పెట్టించాను. కుప్ప చెదిరింది. అదే ఇసుకను నూనె డబ్బాలో దట్టించి ఇటుకలు పేర్చాక, ఒక పిల్లవాడు పైకెక్కి నిలబడ్డా కదల్లేదు. వాడు దిగాక ఒక అమ్మాయి, నేను చెప్పకుండానే, డబ్బా పక్కన మేకుతో చిల్లు పొడిచింది. ఇసుక సన్నగా కారింది. కాసేపటికి ఇటుకలు ఒరిగాయి.

"మీకు ముందే తెలుసా సార్?" అని అడిగింది. నా గోడ కథ చెప్పక తప్పలేదు.