పెద్దల స్మరణ: ఆఫ్రికా చర్చి నుంచి హైదరాబాద్ సిద్దీల దాకా

ఆఫ్రికాలోని అనేక సమాజాల్లో కన్నుమూసిన పెద్దలు కుటుంబానికి దూరం కారు. పుట్టుక, పెళ్లి, పంట వంటి సందర్భాల్లో వారిని తలుచుకుంటారు. ఈ ఆచారాన్ని క్రైస్తవంలో ఎలా ఇముడ్చుకోవాలన్నది చాలా పాత ప్రశ్న.

నాలుగో శతాబ్దంలోనే ఇథియోపియా ప్రాంతపు అక్సుమ్ రాజు ఎజానా క్రైస్తవుడయ్యాడు. ఉత్తర ఆఫ్రికాకు చెందిన సెయింట్ అగస్టీన్ (354–430) తన తల్లి మోనికా గురించి రాశాడు. స్వదేశపు అలవాటు ప్రకారం ఆమె అమరవీరుల సమాధుల దగ్గరికి అంబలి, రొట్టె, ద్రాక్షారసం తీసుకెళ్లేది. మిలాన్ నగరంలో బిషప్ ఆంబ్రోస్ ఆ పద్ధతిని నిషేధించాడని తెలిసి మానుకుంది. ఆహారానికి బదులు ప్రార్థన తీసుకెళ్లింది.

పందొమ్మిదో శతాబ్దపు మిషనరీల్లో ఎక్కువమంది పెద్దలకు అర్పణలు పెట్టడాన్ని విగ్రహారాధనగానే చూశారు. క్రైస్తవులైనవారు తమ వంశ స్మృతిని వదులుకోవలసి వచ్చింది. 1969లో పోప్ ఆరో పాల్ కంపాలాలో మాట్లాడుతూ ఆఫ్రికన్లకు తమదైన క్రైస్తవం ఉండవచ్చన్నారు. టాంజానియా వేదాంతి చార్లెస్ న్యామిటి 1984లో క్రీస్తునే పూర్వీకుడిగా వివరించాడు. 1988లో వాటికన్ ఆమోదించిన, అప్పటి జైర్ దేశపు పూజావిధిలో పునీతులతో పాటు ధర్మంగా బతికిన పెద్దలనూ స్మరిస్తారు.

వంశ స్మృతి ప్రశ్న ఆఫ్రికాకే పరిమితం కాదు. భారతదేశానికి వచ్చిన ఆఫ్రికన్ల సంతతే సిద్దీలు. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీల్లో హిందువులు, ముస్లింలు, క్యాథలిక్కులు ఉన్నారు. వీరిలో చాలామంది పూర్వీకులు పోర్చుగీసువారి గోవా నుంచి వచ్చినవారు. హైదరాబాద్‌లో నాంపల్లికి సమీపంలోని ఏసీ గార్డ్స్ పేట పేరు నిజాం సైన్యంలోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఈ అశ్వికదళానికి వనపర్తి సంస్థానంతోనూ సంబంధముంది. 1948లో హైదరాబాద్ భారతదేశంలో విలీనమయ్యాక దళం రద్దయింది. ఇక్కడి సిద్దీల్లో ఎక్కువమంది ముస్లింలు. పెళ్లి ఊరేగింపుల్లో వారు వాయించే మర్ఫా వాద్యం నగరమంతటికీ తెలుసు.

తెలుగు క్రైస్తవులకూ ఈ పెద్దల స్మరణ చరిత్ర దగ్గరిదే. మృతుల స్మరణ దినమైన నవంబర్ 2న ఏటా సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థించే కుటుంబాలు ఎన్నో. పెద్దలను దేవుడి స్థానంలో నిలపకుండా దేవుడి ఎదుట తలుచుకోవచ్చని ఆఫ్రికా చర్చి అనుభవం చూపింది. విశ్వాసం కోసం వంశ స్మృతిని చెరిపేసుకోనక్కర్లేదు. మతం ఏదైనా వంశ స్మృతి విలువైనదే కాబట్టి ఏసీ గార్డ్స్‌లోని సిద్దీ వృద్ధుల జ్ఞాపకాలను ఇప్పుడే నమోదు చేసి భద్రపరచాలి. అది నగరం తన సిద్దీ పౌరులకు చెల్లించవలసిన గౌరవం.