గోలు గీత దాటినవాడి కేటీ

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాజెక్టు వదిలి వెళ్తూ, నా స్థానంలోకి వచ్చిన కుర్రాడికి రెండు వారాలు కేటీ ఇచ్చాను. ఇచ్చానంటే... డాక్యుమెంట్లు షేర్ చేశాను, పీపీటీలు చూపించాను, ఎక్సెల్ షీట్లో గళ్ళన్నీ ఆకుపచ్చగా నింపి మేనేజరుకి పంపాను. కానీ నెలాఖరు బ్యాచ్ జాబ్ ఆగిపోతే లాగులో కనపడే ఎర్రర్ని నమ్మకూడదనీ, ముందు ఫలానా టేబుల్ మీద లాక్ ఉందేమో చూడాలనీ చెప్పలేదు. మర్చిపోయి కాదు. అదొక్కటీ నా దగ్గరే ఉంటే నా విలువ నాకుంటుందని ఎక్కడో ఒక దిక్కుమాలిన ఆశ. ఆ నెలాఖరు ఆదివారం రాత్రంతా ఆ కుర్రాడు ఆఫీసులోనే కూర్చున్నాడట. తర్వాత ఫోన్లో "మీకు తెలిసుంటే చెప్పేవారే కదన్నా" అన్నాడు. నా నోట మాట రాలేదు.

దీనికీ ఐస్ హాకీకీ ఏంటి సంబంధం అంటారా? వస్తున్నా.

టొరంటోలో ఆన్‌సైట్లో ఉన్నప్పుడు చలికాలం వస్తే కాఫీ మెషీను దగ్గర ఇంకో టాపిక్ ఉండేది కాదు. ధ్యాన్‌చంద్ హాకీ తప్ప వేరే తెలియని నాకు, మొదట్లో ఆ మంచు మీద పరుగులో పక్ ఎక్కడుందో కూడా కనిపించేది కాదు. పక్ అంటే మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉండే గట్టి రబ్బరు బిళ్ళ. దాన్ని ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న గోల్లోకి పోనివ్వకుండా ఆపేవాడు గోలీ. ఆ గోలీల చరిత్ర చదువుతుంటే నాకు మన కేటీ గుర్తొచ్చింది.

పాతకాలంలో గోలీ అంటే గుమ్మం దగ్గర వాచ్‌మన్. గోలు వదిలి కదలకూడదు. పక్ వెనక్కి పోతే తెచ్చే పని డిఫెన్సు వాళ్ళది. ఈ పద్ధతిని గట్టిగా మార్చినవాడు క్యుబెక్‌కి చెందిన జాక్ ప్లాంట్. 1929లో పుట్టాడు, పదకొండు మంది పిల్లల్లో పెద్దవాడు. కుర్రతనంలో ఆడిన టీములో డిఫెన్సు బాగా బలహీనం. వాళ్ళని నమ్ముకుంటే లాభం లేదని తనే గోలు వదిలి బయటికొచ్చి పక్ అందుకోవడం మొదలుపెట్టాడు. అతని లాజిక్కు చాలా సింపుల్: పక్ నా దగ్గరున్నంతసేపూ నా మీదికి ఎవడూ కొట్టలేడు కదా! చూసేవాళ్ళకి సరదాగా ఉండేది, మేనేజర్లకి మాత్రం ఒళ్ళు మండేది. (మేనేజర్లు అన్ని కాలాల్లోనూ ఒకటే.)

ఇదేమీ గాలివాటం పని కాదు. ఎదుటి టీము పక్‌ని మన వైపు లోపలికి కొట్టి దాని వెనక పరిగెత్తుకొస్తుంది. గోలీ గోలు వెనక్కి వెళ్ళి, గోడ వెంట తిరిగొచ్చే పక్‌ని ఆపాలి. ఆపేలోపే భుజం మీదుగా ఓ చూపు చూసి ఎంతమంది వస్తున్నారో లెక్కేసుకోవాలి, తనవాళ్ళకి అరిచి చెప్పాలి. ఒక చేతికి పలకలాంటి గ్లవ్, ఇంకో చేతికి బుట్టలాంటి గ్లవ్, వెడల్పాటి బరువు కర్ర. వాటితోనే పాస్ ఇవ్వాలి. తప్పితే వెనక గోలు ఖాళీ. లోకమంతా నవ్వుతుంది.

మాంట్రియల్ కెనేడియన్స్‌తో ఆరు స్టాన్లీ కప్పులు గెలిచాడు ప్లాంట్. 1959 నవంబరు 1న న్యూయార్కులో పక్ మొహానికి తగిలి రక్తం కారితే, కుట్లు వేయించుకుని, ముసుగు లేకుండా మళ్ళీ దిగనని భీష్మించాడు. ఆ రోజుల్లో టీముకి ఒక్కడే గోలీ, బ్యాకప్ లేడు. కోచ్ టో బ్లేక్‌కి ఇష్టం లేకపోయినా ఒప్పుకోక తప్పలేదు. 3-1తో గెలిచారు. మాస్కు సంగతి అందరికీ తెలిసిందే. నాకు నచ్చింది మాత్రం తర్వాతి కథ.

1970-71లో ప్లాంట్ టొరంటోలో ఆడుతున్నాడు. వయసు 42. ఆటకి సగటున 1.88 గోల్సే ఇచ్చాడు, లీగ్‌లోకెల్లా అదే తక్కువ. సరిగ్గా ఆ సీజన్లోనే టీములోకి పాతికేళ్ళ బెర్నీ పరాంట్ వచ్చాడు. చిన్నప్పటినుంచీ ప్లాంట్ అంటే ప్రాణం పెట్టినవాడు. అంటే ఏంటి? తన కుర్చీలో కూర్చోబోయేవాడు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. పైగా ప్లాంట్ ఎవరితోనూ పెద్దగా కలవని మనిషి, ఒంటరిగా తన టోపీలు తనే అల్లుకునే రకం. నోరు మూసుకుని ఊరుకున్నా అడిగేవాడు లేడు.

కానీ నేర్పాడు. ఎక్కడ నిలబడాలి, కర్ర ఎలా వాడాలి, గోల్ తగిలాక బుర్ర ఎలా చల్లగా ఉంచుకోవాలి... మిగతా జన్మంతా నేర్చుకున్నదానికంటే ఆ రెండేళ్ళలో నేర్చుకున్నదే ఎక్కువని పరాంట్ తర్వాత చెప్పుకున్నాడు. ప్లాంట్ 1972లో పుస్తకం కూడా రాశాడు (డాక్యుమెంటేషన్ కూడా చేశాడన్నమాట!). అదే ఏడు సెప్టెంబరులో కెనడా-రష్యా సిరీస్ మొదటి ఆటకి ముందు, రష్యన్ల గదికి వెళ్ళి కుర్ర గోలీ ట్రెత్యాక్‌కి కెనడా వాళ్ళు ఎలా కొడతారో బొమ్మ గీసి మరీ చెప్పాడు. కెనడా 7-3తో ఓడిపోయింది. దీన్ని దేశద్రోహం అంటారో, గురుత్వం అంటారో మీ ఇష్టం.

పరాంట్ 1973-74లో ఫిలడెల్ఫియాకి 47 ఆటలు గెలిపించాడు. 1974, 75లో వరసగా రెండు కప్పులు. 1979లో ఒక కర్ర మాస్కు కన్నంలోంచి కంటికి తగిలి అతని ఆట ముగిసింది. కోచ్ అయ్యాడు. అతని చేతికి వచ్చిన కుర్రాళ్ళలో ఒకడు రాన్ హెక్స్‌టాల్. 1987 డిసెంబరు 8న ఎదుటి టీము ఖాళీ గోల్లోకి స్వయంగా పక్ కొట్టి గోల్ చేసిన మొదటి ఎన్‌హెచ్‌ఎల్ గోలీ ఇతనే. ఇతన్ని చూస్తూ పెరిగాడు మార్టిన్ బ్రొడూర్. పరాంట్ 47 రికార్డుని 2006-07లో 48తో దాటింది బ్రొడూరే. వీళ్ళ పక్ పనితనం ఎంత దూరం పోయిందంటే, 2005లో లీగు గోలు వెనక గీతలు గీసి, మూలలకెళ్ళి గోలీ పక్ ముట్టుకుంటే పెనాల్టీ అని రూలే పెట్టింది.

ఇక్కడ ఒకటి నిజాయితీగా చెప్పుకోవాలి. హెక్స్‌టాల్ పనితనం పరాంట్ నేర్పిందని అనలేం. అతని తాత, తండ్రి, బాబాయి అందరూ ముందువరసలో ఆడినవాళ్ళే, ఆ చెయ్యి ఇంట్లోంచి వచ్చింది. మరి ప్లాంట్ నుంచి ఇక్కడిదాకా వచ్చిందేంటి? నా ఉద్దేశంలో టెక్నిక్ కాదు, అనుమతి. "గీత దాటొచ్చు, నేను దాటి చూశాను, ఎప్పుడు దాటకూడదో కూడా చెప్తాను" అనే భరోసా. అది ఏ డాక్యుమెంటులోనూ ఉండదు, పక్కన నిలబడి చెప్పాల్సిందే. నేను ఆ కుర్రాడి దగ్గర దాచింది అదే.

దాచుకుని నేనేం బావుకున్నానో ఇప్పటికీ తెలీదు. ఆ టేబుల్ పేరు కూడా మర్చిపోయాను. ప్లాంట్ 1986లో పోయాడు, అతను చెప్పింది మాత్రం పరాంట్ దగ్గర ఆగలేదు.

వచ్చే సోమవారం నుంచి మళ్ళీ కేటీ ఇవ్వాలి, ఈసారి ఒకమ్మాయికి. ఎక్సెల్ షీటు తర్వాత నింపుకోవచ్చు. ముందు నేను గీత దాటిన చోట్లూ, దాటి దెబ్బతిన్న చోట్లూ చెప్పేస్తాను.