టించర్ సీసా, పడుగు మీద నీలి మచ్చ

జోడ్‌భావి పేట్‌లోని మా పాతింట్ల మొదట మగ్గాలుండేవి, తర్వాత సాంచెలొచ్చినయ్. రెండు కాలాల్లోనూ గూట్లో ఒక చిన్న గోధుమరంగు సీసా మాత్రం ఉండేది. బాపు దాన్ని టించర్ అనేవాడు.

నాడె ఎగిరొచ్చి తగిలినా, పోగు అతికేటప్పుడు వేలు కోసుకున్నా అదే మందు. అంతకుముందు అవ్వ పసుపో, సున్నమో అద్దేదట. నేసేవాడికి వేలే పెట్టుబడి. చీము పట్టిందంటే ఆ వారం కూలి పోయినట్టే.

సీసాలోది అయోడిన్. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కూర్త్వా సురేకారం తయారీకి సముద్రపు నాచు బూడిదతో పనిచేస్తుంటే ఊదారంగు ఆవిరి లేచి, నల్లని పలుకులుగా పేరుకుంది. ఆ పలుకుల్ని స్పిరిటులో కరిగిస్తే టించర్. అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) గాయాలకు వాడారు. 1908లో ఫ్యూమె పట్టణపు సర్జన్ ఆంటోనియో గ్రోసిక్, ఆపరేషన్‌కు ముందు చర్మానికి టించర్ పూసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అయోడిన్ క్రిముల్లోకి చొరబడి వాటి ప్రొటీన్లను చెడగొడుతుంది.

ఒకసారి తాత బొటనవేలికి టించర్ రాసుకొని, ఆరకముందే మగ్గమెక్కిండట. గంజి పెట్టిన తెల్ల పడుగు మీద చుక్క పడి, చూస్తుండగానే నల్లటి నీలమైంది. గంజిలోని పిండికి అయోడిన్ తగిలితే అంతే. బడిపిల్లలు ఆలుగడ్డ ముక్క మీద చేసే ప్రయోగమే అది. తాతకేం తెలుసు? మచ్చ పడిందని సేటు కూలి కోసిండు. గాయమూ తాతదే, కోతా తాతకే. అప్పటి నుంచి మా ఇంట్ల ఒకటే కట్టడి: టించర్ ఆరాలె, పేలిక కట్టాలె, ఆ తర్వాతే పడుగు ముట్టాలె.

ఒక తప్పు మాత్రం చాలా ఏండ్లు చేసినం. మంట ఎక్కువైతే మందు బాగా పనిచేస్తున్నట్టని నమ్మి, లోతు పుండులోనూ పోసేవాళ్ళం. ఆ మంట ఎక్కువగా స్పిరిటుది. పచ్చి కండను అది దెబ్బతీస్తుంది. గ్రోసిక్ పూసింది తెగని చర్మానికి. ధనుర్వాతానికి టించర్ అడ్డుకట్ట కాదు, టీకా వేయించుకోవాల్సిందే.

1955లో అమెరికాలో పోవిడోన్ అయోడిన్ వచ్చింది. అందులో అయోడిన్ కొద్దికొద్దిగా విడుదలవుతుంది, అందుకే మంట తక్కువ. ఇప్పుడు మా ఇంట్ల ఉన్నది ఆ ఆయింట్‌మెంటే. థైరాయిడ్ ఉన్నవాళ్ళు, పసిపిల్లల తల్లులు మాత్రం డాక్టరునడిగే వాడాలె.

సాంచెలు అమ్మేసినం. సీసా ఖాళీ అయింది. గూడు చెక్క మీద ఆ గోధుమరంగు మరక మాత్రం ఇంకా ఉంది.