తుపాను జాడ పట్టినవారు

సూరతు నుండి బరోడా వైపు పోయే రైలు తాపీ వంతెన దాటి, ఉత్రాణు స్టేషను విడిచిన తరువాత కోసాడ్ వస్తుంది. ఒకప్పుడు ఇది నదికి ఉత్తరాన ఉన్న ఒక పల్లె. 21వ శతాబ్ది తొలి దశకంలో సూరతు నగరపాలక సంస్థ హద్దులు పెరిగి దీనిని తమలో కలుపుకొన్నవి. ఖంబాతు సింధుశాఖ పడమట ఎంతో దూరాన లేదు గాని, కోసాడ్‌లో నిలబడినవానికి సముద్రం కనబడదు. ఇక్కడివారి భయమంతా నది గురించే. సూరతు ప్రాంతపు గుజరాతీలో వరదకు 'రేల్' అని పేరు. పొగబండి వచ్చిన తరువాత దానిని కూడా 'రేల్' అనే పిలిచినారు. రెండింటిలో వేళల పట్టిక ఉన్నది రెండవదానికి మాత్రమే.

మాటల సంగతి వచ్చినది గనుక మరొకటి చెప్పుకోవచ్చు. మనం గాలివాన అనే అర్థంలో వాడే 'తుపాను' అరబ్బీ పారశీకముల మీదుగా హిందీ ఉర్దూలకూ, తెలుగుకూ చేరినది. అరబ్బీలో ఆ మాటకు ప్రధానమైన అర్థం జలప్రళయం. నోవా కాలంలో భూమిని ముంచిన నీటిని చెప్పడానికి వాడే మాట అదే. కోస్తా తెలుగువానికి తుపాను అనగానే విరిగిపడే తాటిచెట్లు, ఎగిరిపోయే ఇంటికప్పులు, ఉప్పెన తలపునకు వస్తవి. సూరతువాని అనుభవం మాత్రం ఆ పాత అర్థానికే దగ్గరగా ఉన్నది.

దీనికి కారణం భూగోళంలో ఉన్నది. వర్షాకాలంలో బంగాళాఖాతాన పుట్టే వాయుగుండాలు ఒడిశా, ఆంధ్ర తీరాలు దాటి పడమటి దిక్కుగా నడుస్తవి. నేల మీద నడిచినకొద్దీ వాటి గాలి చల్లారుతుంది గాని వాన చల్లారదు. తాపీ మధ్యప్రదేశ్‌లోని బేతుల్ జిల్లాలో ముల్తాయి వద్ద పుట్టి 724 కిలోమీటర్లు పడమరకే ప్రవహిస్తుంది. వాయుగుండం దారీ, నది దారీ ఒకటైనప్పుడు ఎగువ నుండి దిగే వరదతోపాటు మేఘం కూడా దిగువకు ప్రయాణం చేస్తుంది. మొదట ఎగువ లోయ తడుస్తుంది. ఆ నీరు కిందికి వచ్చే వేళకు వాన కూడా అక్కడికే వచ్చి ఉంటుంది. 1968 ఆగస్టులో సుమారు 15 లక్షల క్యూసెక్కుల నీరు సూరతు మీదికి వచ్చినది ఈ విధంగానే. తూర్పు సముద్రంలో గాలిగా పుట్టినది పడమటి సముద్రపు అంచున నీరై ముగుస్తుంది. కోసాడ్ చూచేది తుపాను చివరి రూపాన్ని మాత్రమే.

అట్లయితే తుపానును చూడదలచినవాడు ఎక్కడ నిలబడవలె? ఈ ప్రశ్నకు అమెరికాలో ఒక సులువైన జవాబు దొరికినది. అక్కడి మధ్య మైదానాలలో వేసవికి ముందు వచ్చే సుడిగాలి మేఘం నుండి తొండంవలె దిగి, కొద్ది నిమిషాలలో మాయమవుతుంది. దాని వెడల్పు సాధారణంగా కొన్ని వందల గజాలు. కారులో వెంబడించవచ్చు, దూరాన ఆగి బొమ్మ తీయవచ్చు. కాన్సస్ రాష్ట్రంలో 1884లోనే అట్టి సుడిగాలిని ఛాయాచిత్రంలో పట్టినారు. ఉత్తర డకోటాకు చెందిన డేవిడ్ హోడ్లీ 1956 నుండి ప్రతి ఏటా తుపానుల వెంట తిరగడం మొదలుపెట్టి, తనవంటి వారి కోసం 1977లో ఒక చిన్న పత్రికను కూడా నడిపినాడు. ఆ పత్రిక మొదలైన సంవత్సరమే మన దివిసీమ మునిగినది.

హిందూ మహాసముద్రపు తుపాను ఈ వేటకు లొంగదు. దాని వ్యాసం వందల మైళ్ళు. లోపల ఉన్నవానికి కనబడేది వానతెర, చీకటి. బయట ఉన్నవానికి కనబడేది మబ్బుపట్టిన ఆకాశం. దాని ఆకారాన్ని ఏ ఒక్క కన్నూ చూడలేదు. అందువల్ల మన సముద్రాలలో తుపానును వేటాడినవారు కాగితం మీద వేటాడినారు.

వారిలో మొదట చెప్పవలసినవాడు హెన్రీ పిడింగ్‌టన్. 1797లో పుట్టి, ఓడ నడుపుతూ తూర్పు సముద్రాలకు వచ్చి, చివరకు కలకత్తాలో స్థిరపడినాడు. అక్కడి నౌకా విచారణ న్యాయస్థానానికి అధ్యక్షుడైనాడు. అమెరికాలో రెడ్‌ఫీల్డ్ అనే ఆయన 1821 నాటి గాలివాన తరువాత కాలినడకన తిరిగి, ఒకచోట చెట్లు ఒక దిక్కుకు, మరొకచోట ఎదురు దిక్కుకు పడి ఉండడం చూచి, గాలి చక్రంవలె తిరిగినదని గ్రహించినాడు. విలియం రీడ్ 1838లో ఆ సిద్ధాంతాన్ని గ్రంథంగా వెలువరించినాడు. పిడింగ్‌టన్ దీనిని బంగాళాఖాతానికి అన్వయించినాడు. ఒక తుపాను దాటిపోగానే దానిలో చిక్కుకొని బయటపడిన ఓడలన్నింటి దినచర్య పుస్తకాలు తెప్పించేవాడు. ఏ గంటకు ఏ ఓడ ఎక్కడ ఉన్నది, గాలి ఏ దిక్కు నుండి వీచినది, వాయుభారమాపకంలో పాదరసం ఎంతకు దిగినది, అన్నీ పటం మీద గుర్తించేవాడు. పది ఓడల పాక్షిక దర్శనాలు కలిపితే ఏ నావికుడూ చూడని చక్రం పటం మీద తేలేది. 1839 నుండి ఈ పరిశోధనలు బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వరుసగా వెలువడినవి.

ఈ పని పండితుల కాలక్షేపానికి చేసినది కాదు. 1848లో ఆయన నావికుల కొరకు ఒక పుస్తకం వ్రాసినాడు. దానితో పారదర్శకమైన కొమ్మురేకుల మీద గీసిన చక్రాలను జతచేసినాడు. ఓడ నాయకుడు రేకును పటం మీద పెట్టి, వీచే గాలి దిక్కును బట్టి తుపాను కేంద్రం ఎటు ఉన్నదో తెలుసుకొని తప్పుకోవచ్చు. ఆ పుస్తకంలోనే 'సైక్లోన్' అనే మాటను ప్రతిపాదించినాడు. గ్రీకు భాషలో చుట్టచుట్టుకొన్న పాము అనే భావం దానికి మూలం. మన 'సుడిగాలి'లో ఆ చుట్ట ఏనాటి నుండో ఉన్నదే గాని, దానిని శాస్త్రానికి అప్పగించినవారు లేకపోయినారు.

పిడింగ్‌టన్ పటాలలో తెలుగు తీరానికి పెద్ద చోటు ఉన్నది. గోదావరి పాయ మీద ఉన్న కోరంగి రేవు ఓడల నిర్మాణానికి, మరమ్మతుకు పేరు పొందినది. బర్మాకు పోయిన తెలుగువారందరినీ 'కోరంగీలు' అని పిలిచినారంటే ఆ రేవు ప్రతిష్ఠ ఊహించవచ్చు. 1789 డిసెంబరులో మూడు మహాతరంగాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఈ ఊరిని ముంచినవి. 1839 నవంబరులో మరొక ఉప్పెన వచ్చినది. ఈ రెండవదానిలో మూడు లక్షల మంది చనిపోయినారనీ, ఇరవై వేల పడవలు నాశనమైనవనీ పుస్తకం నుండి పుస్తకానికి ఎక్కుతూ వస్తున్నది. కోరంగి వంటి ఊరికీ, ఆ చుట్టుపట్ల పల్లెలకూ ఈ అంకె పొసగదు. సున్న ఒకటి ఎక్కువైనా తక్కువైనా దూరాన ఉన్న చదువరికి పట్టదు. ఊరు ఆ తరువాత కోలుకోలేదన్నది మాత్రం నిజం.

కాగితం మీద జాడ పట్టినవానికి ముందుచూపు కూడా అబ్బుతుంది. కలకత్తాకు దక్షిణాన మాత్లా నది మీద కొత్త రేవు కట్టదలచినప్పుడు, 1853లో పిడింగ్‌టన్ గవర్నరు జనరల్‌కు బహిరంగ లేఖ వ్రాసి, ఆ చోట ఉప్పెన తప్పదని హెచ్చరించినాడు. రేవు కట్టినారు. ఆయన 1858లో మరణించినాడు. 1867లో తుపాను వచ్చి ఆ క్యానింగ్ రేవును పాడుచేసిపోయినది.

అంతకు మూడేళ్ళ ముందు, 1864 అక్టోబరు 5న కలకత్తాను ఒక తుపాను కొట్టినది. నెల తిరగకముందే, నవంబరు 1న, మరొకటి మచిలీపట్నాన్ని ముంచినది. బందరులో సుమారు 30,000 మంది చనిపోయినారు. కలకత్తాలో అప్పటికే ఛాయాచిత్రకారులు దుకాణాలు పెట్టి ఉన్నారు. హుగ్లీ ఒడ్డున ఒకదానిమీద ఒకటి పడి ఉన్న ఓడల బొమ్మలు తీసినారు. అవి నేటికీ నిలిచి ఉన్నవి. బందరు మృతులు చదువరికి అంకెగానే అందినారు. ఛాయాచిత్రం గూర్చి ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆ ఓడల బొమ్మలలో తుపాను లేదు. అది పోయిన తరువాత మిగిలిన ప్రశాంతమైన వెలుగు ఉన్నది. ఆ కాలపు కెమెరాకు కదలని వస్తువు కావలె, ధ్వంసమైనది కదలదు. అట్టి బొమ్మ జాలి పుట్టించగలదు, చందాలు తేగలదు; ఒక్క ప్రాణాన్ని కూడా ముందుగా తప్పించలేదు.

1864 దెబ్బల తరువాతనే ప్రభుత్వానికి వాతావరణం మీద శ్రద్ధ కలిగినది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దాని మొదటి అధిపతి అయినాడు. తంతి వచ్చినది గనుక ఓడ రేవు చేరేవరకు ఆగకుండా తీరపు ఊళ్ళ నుండి వాయుభారపు లెక్కలు ఏ రోజుకారోజు తెప్పించవచ్చును. వేట కొంత వేగం పుంజుకొన్నది. అయినా నడిసముద్రం చీకటిగానే ఉండిపోయినది.

ఆ చీకటికి గుజరాతు చెల్లించిన వెల 'వైతరణ'. ఈ పొగఓడలో విద్యుద్దీపాలు ఉండడం వల్ల జనం దానిని 'వీజళీ' అని పిలుచుకొన్నారు. 1888 నవంబరులో అది కచ్ఛులోని మాండవి నుండి బొంబాయికి బయలుదేరి, సౌరాష్ట్ర తీరాన తుపానులో అదృశ్యమైనది. ఏడు వందలకు తక్కువ కాని జనం దానితో పోయినారు. ఒక్కరూ తిరిగి రాలేదు గనుక పిడింగ్‌టన్ పద్ధతి అక్కడ పనిచేయదు. దినచర్య పుస్తకం కూడా ఓడతోనే మునిగినది. దాని నాయకుడు హాజీ కాసం పేరు మీద ఒక గుజరాతీ పాట పుట్టి, ఊరూరా వ్యాపించినది. ఓడ శిథిలం దొరకలేదు, పాట మిగిలినది. వాతావరణ శాస్త్రానికి అది సాక్ష్యం కాకపోవచ్చు, ఆ తీరపు చరిత్రకు మాత్రం అంతకన్న మంచి సాక్ష్యం లేదు.

తుపాను మొత్తాన్ని ఒక్క చూపులో చూడవలెనంటే దానికి పైన నిలబడవలె. 1943లో ఒక అమెరికా సైనిక విమానచోదకుడు తుపాను కేంద్రంలోకి విమానం నడిపి బయటకు వచ్చినాడు. మన వైపు అంతర్జాతీయ హిందూ మహాసముద్ర పరిశోధన యాత్ర జరిగిన రోజులలో, 1963 మే నెలలో, అరేబియా సముద్రపు తుపాను ఒకదానిలోకి పరిశోధక విమానాలు చొచ్చుకొనిపోయినవి. అంతకుముందే, 1960 ఏప్రిల్ 1న, టైరాస్ ఉపగ్రహం ఆకాశానికి ఎక్కి మేఘాల బొమ్మలు పంపడం మొదలుపెట్టినది. పిడింగ్‌టన్ ఓడల లెక్కలు కూర్చి గీసిన చుట్ట ఆ బొమ్మలలో తెల్లగా ప్రత్యక్షమైనది. ఆయన కంటితో చూడకుండానే సరిగా చూచినాడు.

1970లో విశాఖపట్నంలో తుపానులను కనిపెట్టే రాడారు నెలకొన్నది. అయినా 1977 నవంబరు 19న దివిసీమ మీదికి ఉప్పెన వచ్చినప్పుడు సుమారు 10,000 మంది చనిపోయినారు. తుపాను వస్తున్నదని శాఖకు తెలియకపోలేదు. తెలిసినది పల్లెలోని గుడిసె దాకా నడిచిరాలేదు. వచ్చినా ఎక్కి నిలబడడానికి గట్టి కప్పు లేదు. ఆ వారం పత్రికలలో వచ్చిన చిత్రాలు 1864 నాటి కలకత్తా చిత్రాల జాతికి చెందినవే. 1983లో ఇన్సాట్-1బి వెళ్ళినది. భూమితో సమంగా తిరుగుతూ ఒకే చోటును ఎడతెగకుండా చూడగల కన్ను అప్పటికి దొరికినది. 1990 మేలో దివిసీమ నాటిదానికి తీసిపోని తుపాను కృష్ణా మండలం మీదికే వచ్చినది. లక్షల మందిని ముందుగా తరలించినారు. మృతులు వెయ్యికి లోపు. అదీ చిన్న అంకె కాదు. కాని బొమ్మ అంతవరకు తుపాను వెనుక నడిచినది, ఇప్పుడు దాని ముందు నడిచినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చినప్పుడు, అక్కడి రాడారు దాని జాడ చివరిదాకా చూపి, అదే గాలికి దెబ్బతిన్నది. 2023 జూన్‌లో బిపర్‌జాయ్ కచ్ఛు తీరానికి చేరకముందే సుమారు లక్షమందిని ఖాళీ చేయించినారు. వీజళీ బయలుదేరిన మాండవి ఆ తీరానిదే.

గాలి సంగతి ఇట్లు చక్కబడుతుండగా నీటి సంగతి వెనుకబడినది. సూరతుకు ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉకాయి ఆనకట్ట 1972లో పూర్తయినది. అది ఉన్నది గనుక రేల్ ఇక రాదనే ధైర్యం నగరానికి కలిగినది. నది ఒడ్డులు ఇళ్ళతో నిండినవి. 2006 ఆగస్టు మొదటి వారంలో బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఒడిశా తీరం దాటి పడమటికి నడిచినది. ఉపగ్రహం దాని ప్రతి అడుగును బొమ్మ తీసినది. జాడ పట్టడంలో లోపం లేదు. కాని మేఘం బొమ్మ ఆనకట్ట తలుపులకు ఎన్ని అడుగుల నీరు వస్తుందో చెప్పదు. జలాశయం అప్పటికే నిండుగా ఉన్నది. నీటిని ముందుగానే ఎందుకు వదలలేదన్న వివాదం ఏళ్ళ తరబడి సాగినది. సుమారు 9 లక్షల క్యూసెక్కుల వరకు వదలవలసి వచ్చి, ఆగస్టు 7 నుండి సూరతులో ఎక్కువ భాగం మునిగినది. గాలి లేదు. చెట్లు విరగలేదు. వీధులలో అంతస్తు ఎత్తున నీరు మాత్రం నిలిచినది. పిడింగ్‌టన్ కొమ్మురేకులో ఈ తుపానుకు చోటు లేదు.

ఆ మేఘమే దారిలో గోదావరి పరీవాహక ప్రాంతం మీద కూడా కురిసినది. సూరతు నగరంలో, ముఖ్యంగా లింబాయతు, ఉధనా ప్రాంతాలలో, తెలంగాణ నుండి వచ్చిన నేతపనివారు వేలాదిగా మరమగ్గాల మీద బ్రతుకుతున్నారు. ఇక్కడ తాపీ పొంగిన ఆ వారంలోనే భద్రాచలం వద్ద గోదావరి ప్రమాద చిహ్నాన్ని ఎంతో మించి 66 అడుగులు దాటినది.