బస్తరులో పచ్చబొట్టు

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరిని దాటి బస్తరులో రాజ్యము స్థాపించెనని అచ్చటి రాజవంశము చెప్పుకొనుచు వచ్చినది. 1703లో దిక్పాలదేవుడు దంతెవాడలో వేయించిన శాసనము ఇందుకు ముఖ్యాధారము. సంస్కృతము చదువగలవారు అరుదగుటచే దానిని దేశభాషలో కూడ వ్రాయించిరి. ఆంధ్రులు బస్తరు చరిత్రను తలచినపుడు ఈ రాతియొద్దనే ఆగిపోవుట పరిపాటి. ఆ దేశభాషను సైతము చదువనేరని మురియా, మారియా స్త్రీలకు వేరొక వ్రాత యుండెను. అది వారి మేనిపైననే పొడువబడెడిది. వ్రాత యనుట అతిశయోక్తి కావచ్చును; ఆ చుక్కలకు, గీతలకు అక్షరములకువలె నిశ్చితార్థములు కల్పింపబూనుట సాహసమే.

దీనిని అచ్చట గోదనా యందురు. పొడుచువారు ఓఝా స్త్రీలు. 1916లో రస్సెల్, హీరాలాలుల గ్రంథము ఓఝాలను గోండులలోని గాయకుల శాఖగా పేర్కొన్నది. పురుషులు పాడి యాచింపగా, స్త్రీలు పచ్చబొట్లు పొడిచి జీవించెడివారు. పని జరుగునది ఇంటియొద్దనే. దీపపు మసిని నూనెతో మేళవించి, కొన్ని సూదులను కట్టగా కట్టి, బాలిక చేతిపైనో కాలిపైనో చుక్కచుక్కగా గ్రుచ్చెదరు. రక్తమును తుడిచి, నూనెయు పసుపును పూసెదరు. కూలి ధాన్యమో, కొద్దిపాటి పైకమో. తెలుగునాట ఎరుకల స్త్రీలదియు ఇదే వృత్తి. నొప్పిని మరపించుటకై వారు పాట పాడెడివారు. మసి నల్లనిదే యైనను చర్మము లోపలినుండి పచ్చగా, నీలిగా కన్పట్టును గనుక మనవారు పచ్చబొట్టనిరి. ఈ ఆచారమును ముచ్చటగా మాత్రమే వర్ణించువారు, పెద్దల చేతులలో చిక్కిన బాలిక యేడుపును విననివారనవలెను.

నగలన్నియు ఇచ్చటనే మిగిలిపోవును, పచ్చబొట్టొకటే మరణించిన దానివెంట వచ్చునని గోండు స్త్రీల నమ్మకము. చరిత్రకారునికి చిక్కు సరిగా ఇచ్చటనే కలదు. వెంటపోయినది మరల చూచుటకు మిగులదు. బస్తరు సంస్థానమున పాలనాధికారిగా పనిచేసిన గ్రిగ్‌సన్ 1938లోను, వెరియర్ ఎల్విన్ 1947లోను ప్రకటించిన గ్రంథములు మారియా, మురియా జీవనమును సవిస్తరముగా వర్ణించినవి. కచేరీ కాగితములలో ఇమడని సంగతులెన్నో వానిలో చేరినవి. అయినను అవి బయటినుండి వచ్చిన పురుషుల వ్రాతలు. సూది పట్టిన ఓఝా స్త్రీ తన పనిని గూర్చి తానే వ్రాసిన గ్రంథము లేదు.

2000లో బస్తరు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో భాగమైనది. ఆ రాష్ట్రపు ఉత్తరమున, సర్గుజాలో, స్త్రీలు గోదనా రేఖలను వస్త్రములపై చిత్రించి విక్రయింప నారంభించిరి. ఒకే సూదిని పలువురకు వాడినచో కాలేయపు వ్యాధులు సంక్రమించునని వైద్యులు హెచ్చరింతురు గనుక, పాత పద్ధతి పాతదిగానే నిలువవలెనని కోరుట న్యాయము కాదు. చేయదగిన పని వేరొకటి కలదు: గ్రామగ్రామమున వృద్ధల చేతులపైని గుర్తులను, వారు సమ్మతించిన మేరకు, ఛాయాచిత్రములుగా తీసి, పొడిచిన ఓఝా స్త్రీ పేరు ఆ వృద్ధకు జ్ఞాపకమున్నయెడల దానిని చిత్రము ప్రక్కనే వ్రాసియుంచుట.