ముల్లు, అరటాకు, న్యాయస్థానము

అరటాకు పోయి ముల్లుపై పడినను, ముల్లు వచ్చి అరటాకుపై పడినను చినుగునది అరటాకే యను సామెత వినని యిల్లు గోదావరి డెల్టాలో ఉండదు. ఏలూరు వీధులలోను, తాడేపల్లిగూడెములోను, కొల్లేటి లంకలలోను తల్లులు దీనిని కుమార్తెలకు హితవుగా చెప్పుచు వచ్చిరి. చెప్పిన తల్లి మనస్సులో నున్నది ప్రేమయే. అయినను ఈ సామెతను ఒక పర్యాయము నిదానముగా విందము. ఇది ఆకును జాగ్రత్తపడుమనుచున్నది; ముల్లును గూర్చి ఒక్క మాటయు చెప్పుట లేదు. ఈ వ్యాసమునకు విషయము ఆ మౌనమే.

స్త్రీపై బలాత్కారము జరిగినపుడు మొదట ఆమె నడవడినే విచారించు అలవాటునకు, నేరమును తేలికపరచు మాటలకు, పరిహాసములకు అన్నింటికిని కలిపి అమెరికా స్త్రీవాదులు 1970 దశకములో ఒక పేరు పెట్టిరి. అది తెలుగులో ‘అత్యాచార సంస్కృతి’ అయినది. ఈ పేరు పలువురకు రుచింపలేదు. సంస్కృతి యనగా మనకు సంగీతము, సాహిత్యము, పెద్దల మర్యాద. దాని ప్రక్కన అత్యాచారమను మాట చేర్చుట జాతినంతయు దూషించుట కాదా? నేరము చేయువారు కొందరు దుర్మార్గులు. వారిని కఠినముగా శిక్షింపక, సజ్జనులను సైతము బోనులో నిలుపనేల? ఇది వారి ప్రశ్న. తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. చరిత్ర ఏమి చెప్పుచున్నదో చూతము.

1872 సంవత్సరపు భారత సాక్ష్య చట్టమును రచించినవాడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. అందు 155వ సెక్షనులో నాల్గవ క్లాజు ఒకటి యుండెను. బలాత్కారమునకు గురియైతినని చెప్పు స్త్రీ సామాన్యముగా నీతిబాహ్యురాలని చూపి, ఆమె సాక్ష్యము నమ్మరాదని ముద్దాయి వాదింపవచ్చునని దాని భావము. అదే చట్టములోని 54వ సెక్షను ప్రకారము ముద్దాయి యొక్క పూర్వపు చెడునడవడి సామాన్యముగా విచారణకు సంబంధింపని విషయము. ఆకును పరీక్షింపవలెను, ముల్లును అడుగరాదు! సామెతలోని న్యాయమే చట్టములోను నిలిచినది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి ముఖ్యపట్టణమైన నాటికి ఆ క్లాజునకు 53 ఏండ్లు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను అది చెక్కుచెదరలేదు.

అట్టి తలంపు ఎంత బలమైనదో తెలుగుదేశము 1978లో కన్నులార చూచెను. ఆ యేడు మార్చి నెలాఖరున హైదరాబాదులో రమీజాబీ యను స్త్రీయు, రిక్షా లాగి జీవించు ఆమె భర్త అహమద్ హుస్సేనును సినిమా చూచి రాత్రివేళ మరలి వచ్చుచుండిరి. నల్లకుంట పోలీసులు తనపై బలాత్కారము చేసిరని ఆమె చెప్పెను. భర్త దెబ్బలు తిని మరణించెను. నగరము భగ్గుమన్నది, కాల్పులు, కర్ఫ్యూ సంభవించినవి. హైకోర్టు న్యాయమూర్తి ముక్తదర్ గారి విచారణ సంఘము ఎదుట పోలీసుల పక్షమువారు ఆమె శీలము మంచిది కాదనియు, ఆమె వివాహము చెల్లదనియు చూపుటకు పూనుకొనిరి. సంఘము పోలీసులనే దోషులుగా తేల్చెను. అయితే కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టునకు మారి, 1981లో నిందితులు విడుదలైరి. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఏర్పడినది ఆ 1978లోనే.

అదే సంవత్సరము సెప్టెంబరులో సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెందిన మథుర కేసులో తీర్పు చెప్పెను. 1972లో పోలీసుస్టేషనులో ఒక గిరిజన బాలికపై జరిగిన బలాత్కారమది. ఆమె ఒంటిపై గాయములు లేవను విషయమునకు ప్రాధాన్యమిచ్చి కోర్టు ఇద్దరు పోలీసులను విడిచిపెట్టెను. 1979లో నలుగురు న్యాయశాస్త్రవేత్తలు ఆ తీర్పును ప్రశ్నించుచు బహిరంగలేఖ వ్రాసిరి. దేశమంతట స్త్రీలు వీధికెక్కిరి. 1983లో చట్టము మారినది. పోలీసు నిర్బంధము వంటి స్థితిలో సంబంధము రుజువై, తాను సమ్మతింపలేదని స్త్రీ చెప్పినచో, కోర్టు ఆ మాటనే ఆధారముగా గైకొనవలెనని ఏర్పాటైనది. నడవడిని గూర్చిన ఆ పాత క్లాజు మాత్రము 2002 సవరణ చట్టముతో గాని తొలగలేదు. అనగా దాని ఆయుర్దాయము 130 ఏండ్లు.

న్యాయస్థానములలో సాగిన వాదమే సాహిత్యములోను సాగెను. పురుషుల చూపులు వీధిలో స్త్రీని ఎట్లు బాధించునో జయప్రభ ‘చూపులు’ అను కవితలో చెప్పిరి. స్త్రీలు తమ దేహమును గూర్చి తామే వ్రాయగా కొందరు విమర్శకులు దానిని ‘నీలి కవిత్వము’ అనిరి. 1993లో వెలువడిన స్త్రీవాద కవితల సంపుటికి ‘నీలిమేఘాలు’ అని పేరు. ఇచ్చటను మొదట విచారణకు వచ్చినది వ్రాసిన స్త్రీ నడవడియే.

2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువ పశువైద్యురాలిపై బలాత్కారము జరిపి ఆమెను చంపిరి. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పులలో మరణింపగా జనులు పోలీసులపై పూలు చల్లిరి. కొందరు స్త్రీవాదులు మాత్రము విచారణ లేని శిక్ష న్యాయము కాదని హైకోర్టునకు మొరపెట్టుకొనిరి. వారిని నిందించినవారు పెక్కురు. కాని 1978లో పోలీసుస్టేషనులో ఏమి జరిగెనో ఎరిగిన ఉద్యమమునకు ఆ సందేహము సహజమే. 2022 మేలో బయటపడిన సిర్పూర్కర్ సంఘపు నివేదిక ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగినది కాదని చెప్పి, పదిమంది పోలీసులపై హత్యాభియోగమును సూచించెను.

కొందరు దుర్మార్గులను తొలగించిన చాలునను వాదమునకు మరియొక చిక్కు గలదు. జాతీయ నేరగణాంకముల ప్రకారము ఇట్టి కేసులలో నూటికి తొంబదికి మించి నిందితులు బాధితురాలు ఎరిగినవారే. బంధువు, పొరుగువాడు, యజమాని — వీరిని తుపాకి వెదకజాలదు.

సంస్కృతి యను మాట కటువుగా నున్నచో అలవాటు అందము. దోషము పేరులో లేదు. మన పాత మాట ‘మానభంగము’ను చూడుడు: పోయినది ఆమె మానమట! ‘బలాత్కారము’ అన్నచో బలము ప్రయోగించినవాడు కంటికి కనబడును. రేడియోలో ఇట్టి వార్త వచ్చినపుడు “ఆ వేళప్పుడు ఆమెకు అక్కడేమి పని?” అను ప్రశ్న మన యిండ్లలోనే పుట్టును. ఆ ప్రశ్న కుమార్తెలును విందురు, కుమారులును విందురు. చట్టమునకు దానిని వదలుకొనుటకు 130 ఏండ్లు పట్టినది. గృహమునకు ఏ శాసనసభ యనుమతియు అక్కరలేదు.