వేడి ఓవెన్‌లో కరగని ఐస్‌క్రీమ్

ఐస్‌క్రీమ్‌ని తీసుకెళ్లి బాగా కాలిన ఓవెన్‌లో పెడితే ఏమవుతుంది? కరిగి పాలైపోతుందని ఎవరైనా చెప్తారు. కానీ క్రిస్మస్, న్యూ ఇయర్ విందుల్లో పెద్ద హోటళ్లలో వడ్డించే ఒక తీపి వంటకం ఉంది. దాని పైభాగం వేడిగా, ఎర్రగా కాలి ఉంటుంది. కత్తితో కోస్తే లోపల ఐస్‌క్రీమ్ గట్టిగానే ఉంటుంది. దాని పేరు బేక్డ్ అలాస్కా. చరిత్ర వ్యాసానికి ఇది కూడా ఒక విషయమేనా అని మీరు నవ్వవచ్చు. ఈ ఒక్క పళ్లెం వెనకాల మూడు ఖండాల చరిత్ర ఉంది. అందులో మన చెన్నై కూడా ఉంది.

ముందు ఇది ఎలా చేస్తారో చెప్తాను. ఇంట్లో చేసుకోవాలంటే అడుగున వేలెడు మందం స్పాంజ్ కేక్ ముక్క కావాలి. దాని మీద గిన్నెలో గట్టిగా గడ్డకట్టిన ఐస్‌క్రీమ్‌ని బోర్లించి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టాలి. మూడు గుడ్ల తెల్లసొనని గిలక్కొడుతూ, నురగ వచ్చాక సుమారు 150 గ్రాముల పంచదార కొంచెం కొంచెంగా కలపాలి. తెల్లసొనలో ఒక్క చుక్క పచ్చసొన గానీ నూనె గానీ పడితే నురగ సరిగ్గా లేవదు. గిన్నె వంచినా జారకుండా నిలబడే ఆ నురగనే మెరింగ్ అంటారు. ఐస్‌క్రీమ్ ఎక్కడా కనబడకుండా, కేక్ అంచు దాకా మెరింగ్ పూసెయ్యాలి. ఓవెన్‌ని ముందే 230 డిగ్రీల దాకా కాల్చి పెట్టుకుని, మూడు నాలుగు నిమిషాలు లోపల పెట్టి తియ్యాలి. పైన రంగు రాగానే వెంటనే వడ్డించాలి.

ఐస్‌క్రీమ్ ఎందుకు కరగదు? నురగలో ఉన్నది ఎక్కువ భాగం గాలే. చిన్న చిన్న బుడగల్లో చిక్కుకుని కదలలేని గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. అడుగున స్పాంజ్ కేక్‌లో కూడా అలాంటి గాలే ఉంటుంది. చలికాలంలో ఉన్ని బట్టలు మనకి చేసే పనే ఇక్కడ ఐస్‌క్రీమ్‌కి నురగ చేస్తుంది. ఉన్ని, బొచ్చు, ఈకలు వేడిని ఆపడానికి కారణం వాటిలో చిక్కుకున్న గాలేనని 18వ శతాబ్దం చివర్లో ప్రయోగాలు చేసి చూపించినవాడు బెంజమిన్ థామ్సన్. ఆయన 1753లో అమెరికాలో పుట్టి, యూరప్‌లో కౌంట్ రమ్‌ఫోర్డ్ అనే బిరుదు పొందాడు. అందుకే ఈ వంటకాన్ని కనిపెట్టింది కూడా ఆయనే అని కొందరు అంటారు. కానీ వేడి ఎందుకు ఆగుతుందో తెలుసుకోవడం ఒక పని, ఐస్‌క్రీమ్‌కి నురగ పూసి ఓవెన్‌లో పెట్టే ధైర్యం చెయ్యడం ఇంకో పని.

మరి ఎవరు కనిపెట్టారు? ఎక్కువమంది చెప్పే జవాబు చార్లెస్ రాన్‌హోఫర్. ఆయన ఫ్రాన్స్‌లో పుట్టి, 1862లో న్యూయార్క్‌లోని డెల్మోనికోస్ అనే పేరుపొందిన రెస్టారెంట్‌లో పెద్ద వంటమాస్టర్‌గా చేరాడు. 1867 మార్చి 30న అమెరికా 72 లక్షల డాలర్లకి రష్యా నుంచి అలాస్కాని కొనడానికి ఒప్పందం చేసుకుంది. మంచు తప్ప ఏమీ లేని నేలకి అంత డబ్బా అని చాలామంది వెక్కిరించారు. ఒప్పందం చేసిన మంత్రి సీవార్డ్ పేరు పెట్టి దాన్ని సీవార్డ్ ఐస్ పెట్టె అన్నారు. ఆ సందర్భంలోనే రాన్‌హోఫర్ ఈ వంటకం చేశాడని కథ. రాతలో దొరికేది చూస్తే, ఇంగ్లండ్ పత్రికా రచయిత జార్జ్ అగస్టస్ సాలా 1882లో వచ్చిన తన అమెరికా యాత్రా పుస్తకంలో డెల్మోనికోస్‌లో తిన్న అలాస్కా గురించి రాశాడు. రాన్‌హోఫర్ 1894లో వేసిన ది ఎపిక్యూరియన్ అనే పెద్ద పుస్తకంలో దీన్ని అలాస్కా, ఫ్లోరిడా అనే పేరుతో చేర్చాడు. లోపల మంచు దేశం, పైన ఎండ దేశం అని ఆ పేరులోనే తెలిసిపోతుంది.

కానీ అంతకు ముందే ఇలాంటి వంటలు ఉన్నాయి. 1866లో చైనా ప్రభుత్వం పంపిన ఒక బృందం పారిస్ వచ్చింది. ఆ బృందంలోని వంటమనిషి దగ్గర గ్రాండ్ హోటల్ వంటమాస్టర్ ఐస్‌ని పిండి పొరలో చుట్టి ఓవెన్‌లో కాల్చడం నేర్చుకున్నాడని బారన్ బ్రిస్ అనే ఫ్రెంచ్ రచయిత పత్రికలో రాశాడు. నేర్చుకున్నవాడి పేరు బాల్జాక్ అని రాశాడు. నేర్పినవాణ్ని మాత్రం చైనా వంటమాస్టర్ అని ఊరుకున్నాడు.

ఇంకా వెనక్కి వెళ్తే 1802 వస్తుంది. అప్పటి అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఇంట్లో విందుకి వెళ్లిన ఒక అతిథి, వెచ్చని పిండి పొర లోపల పెట్టిన ఐస్‌క్రీమ్ ఉండల గురించి ఆశ్చర్యంగా రాశాడు. ఆ వంటగదికి పెద్ద ఆనరే జూలియన్ అనే ఫ్రెంచ్ వంటమాస్టర్. అదే 1802లో ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి ఎడిత్ ఫాసెట్ అనే అమ్మాయిని తీసుకొచ్చారు. ఆమె జెఫర్సన్ తోటలో బానిస. వయసు 15 ఏళ్లు. నా వయసే. అక్కడ పని నేర్చుకుని, తర్వాత జెఫర్సన్ సొంత ఇల్లు మాంటిచెల్లోలో ఆమె పెద్ద వంటమనిషి అయింది. ఆమె వంటని అతిథులు మెచ్చుకున్నారు. కానీ జెఫర్సన్ చనిపోయాక 1827 జనవరిలో జరిగిన వేలంలో ఆమెనీ, ఆమె పిల్లల్నీ కూడా అమ్మకానికి పెట్టారు. ఇది చదివినప్పుడు నాకు ఆ పళ్లెం తియ్యగా అనిపించలేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. ఐస్‌క్రీమ్ గడ్డకట్టాలంటే ఐస్ కావాలి. ఫ్రిజ్‌లు లేని కాలంలో మద్రాసులో ఐస్ ఎక్కడిది? అమెరికాలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి చలికాలంలో చెరువులు గడ్డకడితే ఆ ఐస్‌ని పలకలుగా కోయించి, ఓడల్లో వేడి దేశాలకి అమ్మేవాడు. 1833లో బోస్టన్ నుంచి కలకత్తాకి టస్కనీ అనే ఓడలో 180 టన్నులు పంపాడు. నాలుగు నెలల ప్రయాణం. అయినా సుమారు 100 టన్నులు కరగకుండా చేరాయి. ఎలాగంటే ఐస్ చుట్టూ రంపపు పొట్టు కూరేవాళ్లు. పొట్టులో చిక్కుకున్న గాలే వేడిని ఆపింది. ఓడలో రంపపు పొట్టు, ఓవెన్‌లో మెరింగ్, రెండూ చేసింది ఒకే పని.

మద్రాసులో ఆ ఐస్ దాచడానికి ట్యూడర్ 1842లో కట్టించిన గుండ్రటి భవనమే మెరీనా ఎదురుగా ఉన్న ఐస్ హౌస్. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద అందులో బస చేశారు కాబట్టి ఇప్పుడు దాన్ని వివేకానందర్ ఇల్లం అంటున్నాం. అయినా ఆ చుట్టుపక్కల ప్రాంతాన్ని అందరూ ఇప్పటికీ ఐస్ హౌస్ అనే పిలుస్తారు. అప్పట్లో మద్రాసుకి రేవు లేదు. ఓడలు దూరంగా ఆగేవి. కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో సరుకుని అలల మీదుగా ఒడ్డుకి చేర్చేవాళ్లు. ఆ ఎండలో, ఆ అలల్లో ఐస్‌ని మోసిన పడవవాళ్లెవరు, కూలీలెవరు? ట్యూడర్ పేరు ప్రతి పుస్తకంలో ఉంది. వాళ్ల పేర్లు లేవు. అవతలి ఒడ్డున కూడా అంతే. హెన్రీ డేవిడ్ థోరో తన వాల్డెన్ పుస్తకంలో తన చెరువు ఐస్ మద్రాసు దాకా పోతుందని రాశాడు. దాన్ని కోయడానికి వందమంది ఐరిష్ కూలీలు వచ్చారని లెక్క కూడా రాశాడు. పేర్లు మాత్రం రాయలేదు.

ఈ విషయం నాకు ఇంత ఎందుకు పట్టిందంటే, మా నాన్న ఒక పెద్ద హోటల్ వంటగదిలో పనిచేస్తారు. తాతల కాలం నుంచి మేం ఈ ఊళ్లోనే ఉన్నాం. డిసెంబర్ నెలాఖరు విందులకి బేక్డ్ అలాస్కా చేసేది ఆయన జట్టే. కోల్డ్ రూమ్‌లోకి స్వెట్టర్ వేసుకుని వెళ్లి, బయటికొచ్చి వెంటనే ఓవెన్ ముందు నిలబడాలి. మెరింగ్ ఎక్కడైనా పల్చగా ఉంటే అక్కడి నుంచే కారిపోతుందట. తర్వాత హాల్లో లైట్లు ఆర్పుతారు. సూటు వేసుకున్న కెప్టెన్ దాని మీద బ్రాందీ పోసి అంటిస్తాడు. నీలం మంటతో పళ్లెం వస్తుంటే అందరూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు తలుపు అవతల నుంచి వినబడతాయని నాన్న చెప్పారు. అలా చప్పట్లు కొట్టే హాలుని ఆయన ఒక్కసారి కూడా చూడలేదట.

ఈ వ్యాసంలో మీ పేరు రాస్తానంటే ఆయన ఒప్పుకోలేదు. “పేరెందుకమ్మా, పని గురించి రాయి చాలు” అన్నారు. నాన్న మాట కాదనలేక పేరు రాయట్లేదు. కానీ నేను ఆయనతో పూర్తిగా ఒప్పుకోను. రాన్‌హోఫర్ కూడా చిన్నప్పుడే, పన్నెండేళ్లకే వంటపనిలో చేరినవాడు. ఆయన పేరు ఇంతగా నిలవడానికి ఒక పెద్ద కారణం, ఆయన పుస్తకం రాశాడు. చైనా వంటమాస్టర్ రాయలేదు. మసూలా పడవవాళ్లకి రాసే అవకాశమే రాలేదు. ఎడిత్ ఫాసెట్ పేరు మనకి తెలిసిందంటే, తర్వాతి కాలం చరిత్రకారులు తోట లెక్కల పుస్తకాలు, ఉత్తరాలు ఓపికగా వెతికారు కాబట్టే. వెతికితే పేర్లు దొరుకుతాయని దానివల్ల నాకు అర్థమైంది.

ఒక వంటకాన్ని ఎవరు కనిపెట్టారు అని అడిగితే ఒక్క పేరు చెప్పడం సులభం. బేక్డ్ అలాస్కా విషయంలో మాత్రం గాలి గుణం కనుక్కున్న శాస్త్రవేత్త, పిండి పొరలో ఐస్ కాల్చిన వంటమనిషి, చెరువు కోసిన కూలీ, పడవ నడిపినవాడు, పేరు పెట్టి పుస్తకంలో రాసినవాడు, అందరూ కలిస్తేనే ఆ చరిత్ర పూర్తవుతుంది.

అందుకని మన పత్రిక సంపాదకులకి నాదొక మనవి. ప్రతి ఏడాది వార్షికోత్సవం నివేదికలో ముఖ్య అతిథుల పేర్లు, దాతల పేర్లు, బహుమతులు గెలిచినవాళ్ల పేర్లు వేస్తున్నాం. ఈసారి ఆ రోజు మూడు వందల మందికి పులిహోర, పాయసం వండిన ఆయమ్మల పేర్లు కూడా ఆ పేజీలోనే వేద్దాం. వాళ్లని అడిగి రాసుకొచ్చే పని నేను చేస్తాను.